చేతికి అందే ఎత్తులో పట్టాలు

నమూనా రైళ్ల గురించి ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అరవై దాటినవారు రాసినవే. కళ్లు, మోకాళ్లు, చేతి వణుకు, తమ తరువాత ఈ రైళ్ల గతి అంటూ అడిగిన తీరు వేరైనా, అందరి బెంగా ఒకటే: ఇన్నేళ్లుగా పెంచుకున్న ఈ వ్యాపకానికి ఇక స్వస్తి చెప్పవలసిందేనా? నాకిప్పుడు 74 ఏళ్లు. ఆ బెంగ ఎలా ఉంటుందో ఎరిగినవాణ్ణే కనుక నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. నమూనా రైళ్లు కట్టేవాళ్లం ప్లాట్‌ఫారం ఎత్తును, సిగ్నల్ స్తంభాల మధ్య దూరాన్ని మిల్లీమీటరు తేడా రాకుండా స్కేలుకు తగ్గించి చేస్తాం కాని, పట్టాలు, స్టేషన్లు అమర్చిన ఆ లేఅవుట్ ముందు నిలబడే మనిషి కొలతలను మాత్రం ఒకసారి, అదీ నలభై ఏళ్ల వయసులో, చూసుకుని వదిలేస్తాం. ఆ కొలతలు ఏటేటా మారుతుంటాయి. అవి మారినప్పుడల్లా లేఅవుట్‌ను కూడా మార్చుకోవడం ఈ కళలో భాగమేనని నమ్ముతూ ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ముప్ఫై ఏళ్లుగా ఎన్ స్కేలులోనే పనిచేస్తున్నాను. ఇప్పుడు పెట్టెలను కలిపే కప్లింగులు సరిగా కనబడటం లేదు. తీగల రంగులు పోల్చుకోలేక, ఇంజిన్ లోపల ఉండి కంట్రోలర్ ఆదేశాలను అందుకునే డీకోడర్లు రెండు కాల్చుకున్నాను. ఉన్నవన్నీ అమ్మేసి పెద్ద స్కేలుకు మారమని మిత్రులు అంటున్నారు. మారితే సమస్య తీరుతుందా?

జవాబు: అమ్మే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి, మొదట కంటి వైద్యుని కలిసి శుక్లం ఉందేమో చూపించుకోండి. రంగులు పోల్చుకోలేకపోతున్నానని మీరు రాసినందువల్లనే ఇంత గట్టిగా చెబుతున్నాను. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువుపై చూపు నిలిపే శక్తిని కోల్పోవడం చత్వారం. చత్వారం వల్ల వస్తువు మసకగా కనిపిస్తుంది కాని దాని రంగు మారదు. అదే కటకం క్రమంగా పసుపుబారినప్పుడు నీలికాంతి లోపలికి చేరడం తగ్గి, నీలం నలుపులా, తెలుపు పసుపులా కనిపించడం మొదలవుతుంది.

ఇప్పుడు డీకోడర్ తీగలను ఒకసారి తలచుకోండి. కుడి పట్టా నుంచి కరెంటు తెచ్చేది ఎరుపు, ఎడమ పట్టా నుంచి తెచ్చేది నలుపు, మోటారుకు వెళ్లేవి నారింజ, బూడిద. ముందు దీపానికి తెలుపు, వెనుక దీపానికి పసుపు, దీపాలన్నిటికీ ఉమ్మడిగా నీలం, అదనపు పనులకు ఆకుపచ్చ, ఊదా. వయసు మీద పడిన కన్ను తడబడే జంటలన్నీ ఈ వరుసలోనే ఉన్నాయి. నీలాన్ని నలుపుగా పొరబడితే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. ఎరుపుకు, నారింజకు తేడా తెలియక పట్టా కరెంటు మోటారు తీగలోకి వెళ్లినా డీకోడర్ క్షణంలో పోతుంది. అందువల్ల నేను పదేళ్లుగా ఒక అలవాటు పెట్టుకున్నాను. కొత్త డీకోడర్‌ను పొట్లం విప్పిన వెంటనే, పగటి వెలుతురులో, ప్రతి తీగ చివరా చిన్న కాగితపు పట్టీ అంటించి దాని పని రాసిపెడతాను. టంకం వేసేటప్పుడు రంగు చూడను, రాత చదువుతాను. ఈ మధ్య వస్తున్న ఎన్ స్కేలు ఇంజిన్లలో చాలావాటికి ఆరు పిన్నుల సాకెట్టో, నెక్స్ట్18 సాకెట్టో ఉంటోంది. కొత్తది కొనేటప్పుడు దాన్ని చూసి కొంటే టంకం పనే ఉండదు.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. ఇరవై ఏళ్ల వయసులో కంటి వెనుక పొరకు చేరే వెలుతురులో సుమారు మూడో వంతు మాత్రమే అరవై ఏళ్ల వయసులో చేరుతుంది. ఒకప్పుడు సరిపోయిన బల్బే ఇప్పుడూ ఉందంటే, మీరు ఆ నాటి లెక్కలో మూడింట రెండు వంతుల చీకటిలో పనిచేస్తున్నారన్నమాట. పనిబల్ల మీద నీడ పడకుండా కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి తెల్లని దీపాలు పెట్టుకోండి. తలకు తగిలించుకునే భూతద్దం కొనేటప్పుడు ఎక్కువ రెట్లు చూపించేదే మంచిదని అనుకోకండి. 1.75 రెట్ల అద్దంతో వస్తువు కంటికి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, 2.5 రెట్లయితే 20 సెంటీమీటర్లకు దగ్గరవుతుంది, 3.5 రెట్లయితే 10 సెంటీమీటర్లే. పది సెంటీమీటర్ల దూరంలో ముక్కుకూ పనికీ మధ్య సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ప్రమాదం. మొదటి రెండింటిలో ఒకటి చాలు.

ఇక పెద్ద స్కేలు. నిజమైన రైలులో 20 మీటర్ల పొడవున్న పెట్టె 1:160 నిష్పత్తిలోని ఎన్ స్కేలులో 12.5 సెంటీమీటర్లు, 1:87 లోని హెచ్‌ఓలో 23 సెంటీమీటర్లు, 1:45 లోని ఓ స్కేలులో 44 సెంటీమీటర్లు అవుతుంది. ఘనపరిమాణంలో చూస్తే హెచ్‌ఓ పెట్టె ఎన్ పెట్టెకు సుమారు ఆరు రెట్లు, ఓ పెట్టె హెచ్‌ఓ పెట్టెకు ఏడు రెట్లు. చేతికి, కంటికి అది సుఖమే. అయితే మలుపుల వ్యాసార్థం కూడా ఆ లెక్కనే పెరిగి, మీ గదిలో ఇప్పుడు ఊరి నుంచి ఊరికి పరుగెత్తే రైలు ఒకే స్టేషనులో ముందుకూ వెనక్కూ కదిలే షంటింగ్ బండిగా మిగులుతుంది. దూరాలు పరుగెత్తే రైలును చూడటమే మీకు ఇష్టమైతే మారవద్దు. పెట్టెలను శాశ్వతంగా జతచేసి, ఆ వరుసలను విడదీయకుండా నడపండి. కప్లింగుతో మీకు పని ఉండదు. చేతులతో వస్తువు చేయడమే ఇష్టమైతే, ఎన్ లేఅవుట్‌ను అలాగే ఉంచి, పనిబల్ల మీద ఒక హెచ్‌ఓ వ్యాగన్ చేసి చూడండి. అమ్మకం గురించి ఆ తరువాత మళ్లీ రాయండి.

ప్రశ్న: నా లేఅవుట్ గది నాలుగు గోడల వెంటా ఉంటుంది. మధ్యలోకి వెళ్లాలంటే బల్ల కిందుగా వంగి దూరాలి. నాకు 71 ఏళ్లు. ఈ మధ్య దూరి లేస్తుంటే కళ్లు తిరిగి పడబోయాను. ఇంట్లోవాళ్లు ఆ గదికి తాళం వేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇంట్లోవాళ్లు భయపడటంలో న్యాయముంది. వంగిన భంగిమ నుంచి ఒక్కసారిగా లేచినప్పుడు రక్తపోటు కాసేపు పడిపోవడం పెద్ద వయసులో తరచుగా జరిగేదే, కొన్ని రక్తపోటు మాత్రలు వాడేవారిలో అది మరింత ఎక్కువ. వైద్యునికి చెప్పండి. దారి మార్చేదాకా ఆ బల్ల కిందుగా వెళ్లకండి.

నేనూ అలాంటి లేఅవుట్‌నే కట్టుకున్నాను. దూరే దారి ఎత్తు 80 సెంటీమీటర్లు. ఇరవై ఏళ్ల పాటు రోజుకు పదిసార్లు దూరి ఉంటాను. 66వ ఏట ఒక సాయంత్రం తల ఎత్తడంలో తొందరపడి నుదురు చిట్లగొట్టుకున్నాను. గాయం పది రోజుల్లో మానింది. ఆ తరువాత ఆరు నెలలు నేను రైళ్లు నడపనేలేదు. రైళ్ల మీద మనసు పోయిందని, ఇక ముసలివాణ్ణయ్యానని అనుకున్నాను. అసలు సంగతి మరొకటని చాలా ఆలస్యంగా తెలిసింది. గదిలోకి వెళ్లాలంటే వంగాలన్న తలపు రాగానే కాళ్లు వెనకాడేవి, ఆ వెనకాడటాన్ని నేను ఆసక్తి తగ్గిపోవడంగా అర్థం చేసుకున్నాను. తలుపు పెట్టించిన వారంలోనే ప్రతి సాయంత్రం మళ్లీ అక్కడే ఉన్నాను. ఇష్టం తగ్గిందని రాసే పెద్దవారికి నేను మొదట వేసే ప్రశ్న ఇప్పటికీ ఇదే: మీ రైళ్ల దగ్గరకు వెళ్లే దారి ఎలా ఉంది?

తలుపు పెట్టడం అంత కష్టం కాదు. 75, 80 సెంటీమీటర్ల వెడల్పున లేఅవుట్‌ను కోసి, ఆ ముక్కను పైకి ఎత్తేలాగైనా, పక్కకు తెరుచుకునేలాగైనా మడతబందులతో బిగించాలి. పైకి ఎత్తేదైతే మడతబందు ఇరుసు పట్టాల పైభాగం కన్నా కాస్త ఎత్తులో ఉండాలి, లేకపోతే ఎత్తేటప్పుడు పట్టాల కొసలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. రెండో వైపు ఇత్తడి గడియ పెడితే అది ముక్కను సరైన చోట నిలపడమే కాక, కరెంటును కూడా అందిస్తుంది. చెక్క తేమకు ఉబ్బుతుంది కనుక సన్నని సందు వదలండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక చిన్న మైక్రోస్విచ్. తలుపు తెరవగానే సందుకు ఇరువైపులా మీటరు దూరం వరకు పట్టాలలో కరెంటు ఆగిపోయేలా దాన్ని కలపాలి. ఈ ఒక్క పని చేయక, తలుపు తెరిచి ఉందన్న సంగతి మరచి, మంచి ఇంజిన్‌ను నేలపాలు చేసుకున్నవారు చాలామంది ఉన్నారు.

తలుపు కన్నా మంచి మార్గం ఒకటుంది, అయితే దానికి మనసు రాజీపడాలి. నాలుగు గోడల్లో తలుపు ఉన్న వైపు భాగాన్ని పూర్తిగా తీసేసి, లేఅవుట్‌ను గుర్రపు నాడా ఆకారంలోకి మార్చండి. రైలు గుండ్రంగా తిరగడం ఆగిపోతుంది. రెండు చివరలా రెండు స్టేషన్లు వస్తాయి, లేదా చోటుంటే తిరిగివచ్చే చుట్లు పెట్టుకోవచ్చు. అలాంటి చుట్టులో రెండు పట్టాలూ తారుమారై షార్టు అవుతుంది కనుక డీసీసీలో (డీకోడర్ల ద్వారా రైళ్లను నడిపే డిజిటల్ పద్ధతిలో) ధ్రువాలను దానంతటదే మార్చే పరికరం వాడాలి. నడుము వంచకుండా, ఎవరినీ పిలవకుండా గదిలోకి నడిచి వెళ్లి కుర్చీలో కూర్చోగలగడం కోసం ఆ గుండ్రటి దారిని వదులుకోవచ్చునని నా నమ్మకం.

కుర్చీ అన్నాను కనుక ఎత్తు గురించి. నిలబడి కంటి ఎదురుగా చూడటానికి 130 సెంటీమీటర్ల ఎత్తు ఎంతో అందంగా ఉంటుంది కాని, ఆ ఎత్తులో చేయి ఎక్కువ లోపలికి వెళ్లదు, కూర్చుంటే ఏమీ కనబడదు. కూర్చుని నడపాలంటే 75 సెంటీమీటర్ల దరిదాపుల్లో, మోకాళ్లు కిందుగా పట్టేలా ఉండాలి. ఎక్కడా లేఅవుట్‌ను మోసే బోర్డు వెడల్పు 60 సెంటీమీటర్లు దాటనివ్వకండి. బల్ల కింద వెల్లకిలా పడుకుని టంకం వేసే అలవాటు ఉంటే ఇవాళే మానండి. కరిగిన టంకం ముఖం మీద పడుతుంది. తీగలన్నిటినీ ముందు పలక వెనుక ఉండే కనెక్టర్ పట్టీలకు తెచ్చుకుంటే కుర్చీలో కూర్చునే మరమ్మతు చేసుకోవచ్చు. బోర్డులు విడదీసి బల్ల మీద పక్కకు నిలబెట్టుకునేలా ఉంటే మరీ మంచిది. 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక ఒక్కటే నాలుగు కిలోల దాకా తూగుతుంది. అంతే వైశాల్యమున్న, ఐదు సెంటీమీటర్ల మందపు గట్టి ఫోమ్ పలక కిలో, కిలోన్నరకు మించదు. కొత్తగా కట్టే ముక్కలకు ఫోమ్ వాడండి.

ప్రశ్న: చేతులు వణుకుతున్నాయి. పెట్టెలను పట్టాల మీద పెట్టలేకపోతున్నాను, కంట్రోలర్ మీద చిన్న బటన్లు నొక్కితే రెండేసి నొక్కుకుంటున్నాయి.

జవాబు: వణుకుకు కారణాలు అనేకం, కొన్నిటికి మంచి చికిత్స ఉంది, కాబట్టి అది వయసుతో వచ్చేదేనని మీరే తీర్మానించుకోకుండా వైద్యుని కలవండి. పనిలో మాత్రం ఒక సూత్రం ఉపయోగపడుతుంది. గాలిలో ఉన్న చేయి ఎక్కువ వణుకుతుంది, ఆనుకున్న చేయి తక్కువ వణుకుతుంది. మోచేతులు, మణికట్లు రెండూ బల్లకు ఆనేలా పనిబల్లను ఛాతీ ఎత్తుకు పెంచండి. పెట్టెలను పట్టాలెక్కించడానికి వాలుగా ఉండే ప్లాస్టిక్ పలక దొరుకుతుంది. దాని మీద నుంచి జారవిడిస్తే చక్రాలు వాటంతటవే పట్టాల మీదికి సర్దుకుంటాయి. పట్టాల మీది మురికి వల్ల ఇంజిన్ ఆగిపోయినప్పుడల్లా వేలితో నెట్టవలసి రాకుండా, కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్‌ను డీకోడర్‌కు జతచేయించండి.

బటన్ల విషయంలో మొహమాటపడకండి. గాయకుడు నీల్ యంగ్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన తన కుమారుడు కూడా రైళ్లు నడపగలగాలని పెద్ద బటన్‌తో పనిచేసే కంట్రోలర్‌ను తయారుచేయించారు. ఆయన ఆసక్తి అక్కడితో ఆగక లయనెల్ సంస్థ రైళ్ల నియంత్రణ పద్ధతినే మార్చేదాకా వెళ్లింది. తన కొడుకు చేతికి తగినట్టు కంట్రోలర్‌ను మార్చాలన్నది ఆ తండ్రి ఆలోచన. మీ చేతికి తగినట్టు మీరూ మార్చుకోవచ్చు. మొబైల్ ఫోన్‌నో, ఇంకా నయం, పెద్ద టాబ్లెట్‌నో కంట్రోలర్‌గా వాడే వీలు ఇప్పుడు చాలా డీసీసీ పద్ధతుల్లో ఉంది. తెర మీద బటన్ అరచేయంత పెద్దదిగా పెట్టుకోవచ్చు.

ప్రశ్న: చక్రాల కీచు ధ్వని నాకు వినబడటం లేదు, మనవడు చెబితే కాని తెలియలేదు. ఇరుసులు ఎండిపోతున్న సంగతి ఎలా తెలుసుకోవాలి?

జవాబు: వయసుతో ముందుగా తగ్గేది సన్నని ధ్వనులను వినే శక్తి. కీచు శబ్దం ఆ కోవలోనిదే. చెవి చేసిన పనిని అమ్మీటరు చేస్తుంది. ప్రతి ఇంజినూ చదునైన దారిలో, ఒకే వేగంతో, ఎంత కరెంటు తీసుకుంటుందో ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని, మూడు నెలలకోసారి పోల్చి చూడండి. అంకె పెరిగిందంటే నూనె చుక్క వేయవలసిన సమయం వచ్చినట్టే. మనవణ్ణి మాత్రం ఆ పనిలో కొనసాగించండి.

ప్రశ్న: 60 నిండి ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాను. చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న కోరిక ఇది. ఇంట్లో పెద్ద గది ఖాళీగా ఉంది. పెద్ద జంక్షన్, కొండలు, వంతెనలు అన్నీ కట్టాలని ఉంది. ఈ వయసులో మొదలుపెట్టడం ఆలస్యమే అంటారా?

జవాబు: ఆలస్యం కాదు. నేను భయపడుతున్నది మీ వయసును చూసి కాదు, ఆ ఖాళీ గదిని చూసి. పట్టాలు, వైరింగు, దృశ్యాలు అన్నీ పూర్తయిన ఒక చదరపు మీటరు లేఅవుట్‌కు, వారానికి ఆరు గంటల చొప్పున పనిచేస్తే, నాకు ఏడాది పట్టింది. మీ గదిలో పదిహేను చదరపు మీటర్ల లేఅవుట్ పట్టేట్టయితే లెక్క మీరే వేసుకోండి. గాయకుడు రాడ్ స్టీవర్ట్ 1:87 నిష్పత్తిలో కట్టుకున్న మహానగరం చిత్రాలు 2019లో ప్రచురితమైనప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. దాని వెనుక రెండు దశాబ్దాలకు పైబడిన శ్రమ ఉంది. పైగా వైరింగు తనకు చేతకాదని ఆయన మరొకరి చేత చేయించుకున్నారు.

మీకు నేను చెప్పేది అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే చిన్న షంటింగ్ లేఅవుట్. హెచ్‌ఓలో చిన్న వ్యాగన్లతో అయితే ఒకటిన్నర మీటరు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న పలక మీద పట్టేస్తుంది. బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పాయింట్లు రెండే, వ్యాగన్లను నిలిపే పక్క దారులు, అంటే సైడింగులు, మూడు. ఒకదానిలో ఐదు వ్యాగన్లు, తక్కిన రెండింటిలో మూడేసి పడతాయి. బయటి దారిలో ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకే చోటు ఉంటుంది. ఎనిమిది వ్యాగన్లు పెట్టి, చీటీలు తీసి, వచ్చిన ఐదింటిని వచ్చిన వరుసలోనే ఒక బండిగా కూర్చాలి. ఐదు వ్యాగన్ల వరుసలు 6,720 వస్తాయి కనుక, రోజుకు ఒకటి చొప్పున ఆడినా పద్దెనిమిదేళ్ల దాకా కొత్త బండి ఉంటూనే ఉంటుంది. ఇందులో నెమ్మదిగా నడపడం, పాయింట్లు సరిచేయడం, వైరింగు, నేల, గడ్డి, ఒక చిన్న గోదాము, ఈ వ్యాపకంలో నేర్చుకోవలసినవన్నీ దాదాపు వస్తాయి. తప్పు చేస్తే నష్టపోయేది ఒక పలకే.

దాన్ని కట్టాక పెద్దది కావాలనిపిస్తే, ఈ చిన్నది వృథా కాదు. అమెరికాలో జాన్ అలెన్ కట్టిన గోరీ అండ్ డెఫీటెడ్ అనే హెచ్‌ఓ లేఅవుట్ ఈ రంగంలో బహుశా అత్యంత ప్రసిద్ధమైనది. ఆయన మొదట కట్టుకున్న చిన్న లేఅవుట్ ఆ మహా లేఅవుట్‌లో ఒక మూల భాగంగా ఇమిడిపోయింది. మీరు కూడా మొదటి పలకను పక్క పలకకు అతికించుకునే వీలుంచి కట్టండి. ఎత్తు మాత్రం మొదటి రోజునే కూర్చుని నడపడానికి తగినట్టు పెట్టండి. ఇప్పుడు నిలబడగలరు కదా అని ఎత్తుగా కడితే, పదేళ్ల తరువాత పైన ఇచ్చిన ప్రశ్నల్లో ఒకదాన్ని మీరు నాకు రాయవలసి వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 81 ఏళ్లు. అమ్మ పోయిన దగ్గర నుంచి ఆయన రైళ్ల గది తలుపు తీయలేదు. దుమ్ము పట్టిపోయింది. ఆయనకు తెలియకుండా ఎవరినైనా పిలిపించి అంతా బాగుచేయించి ఆశ్చర్యపరుద్దామని నేను, మా తమ్ముడు అనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: అమ్మా, మీ ప్రేమ అర్థమవుతోంది కాని, ఆ పని చేయకండి. ఏ పాయింటు కాస్త బిగుసుకుంటుందో, ఏ ఇంజిన్ వెనక్కి నడిచేటప్పుడు తడబడుతుందో ఆయన వేళ్లకు తెలుసు. వేరెవరో వచ్చి సర్దితే ఆ గది ఆయనకు కొత్త చోటైపోతుంది. ఇప్పటికే ఇంట్లో ఒక పెద్ద మార్పును ఆయన భరిస్తున్నారు.

దానికి బదులు మీరే ఒకరోజు వెళ్లి, "నాన్నా, పట్టాలు ఎలా తుడవాలో నాకు చూపిస్తారా?" అని అడగండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డతో, కిటికీలు తెరిచి పెట్టి, ఒక్క లైను తుడవండి. అంతకు మించి ఆ రోజు చేయవద్దు. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే మీరు చేయండి. తరువాత ఒకే ఇంజిన్, రెండు పెట్టెలు. నంబర్లు మరచిపోతారేమోనని భయముంటే, డీకోడర్‌లో ఇంజిన్ చిరునామాగా దాని పక్కన రాసి ఉన్న నంబరునే పెట్టించండి. కళ్లెదుట కనబడే దాన్ని గుర్తుపెట్టుకోనక్కరలేదు.

బ్రిటన్‌లో పీటర్ డెన్నీ అనే మతగురువు దశాబ్దాల పాటు కట్టి నడిపిన బకింగ్‌హామ్ లేఅవుట్‌లో ఒక స్టేషన్ ఆయన కుమారుడు క్రిస్పిన్ చేతిలో ఉండేది. కొడుకు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండే వీలు లేకపోవడంతో ఆయన ఆ స్టేషన్ పని చేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆటోమేటిక్ క్రిస్పిన్ అని పేరు పెట్టారు. యంత్రం అద్భుతమే, ఆ పేరు మాత్రం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. రెండు స్టేషన్లున్న లేఅవుట్‌ను నడిపేవాడికి అవతలి స్టేషన్ నుంచి గంట కొట్టి "బండి పంపవచ్చు" అని చెప్పే మనిషి ఒకరు కావాలి. మీ నాన్నగారికి ఇప్పుడు అవతలి స్టేషన్ ఖాళీగా ఉంది. వారానికి ఒక సాయంత్రం మీరో, మీ తమ్ముడో అక్కడ కూర్చోండి. ఆయన వద్దంటే బలవంతం చేయక, మరో నెలకు మళ్లీ అడగండి.

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. పిల్లలకు రైళ్ల మీద ఆసక్తి లేదు, వారిని తప్పుపట్టను. నా తరువాత ఈ లేఅవుట్ ఏమవుతుంది? బతికి ఉండగానే ఇచ్చేయడం మంచిదా? ఆ ఆలోచనే కష్టంగా ఉంది.

జవాబు: నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను. ఇంజిన్లు, పెట్టెలు మిగులుతాయి. లేఅవుట్లు చాలా అరుదుగా మిగులుతాయి. పైన చెప్పిన జాన్ అలెన్ 1973 జనవరిలో మరణించారు. కొద్ది రోజులకే జరిగిన అగ్నిప్రమాదంలో ఆ లేఅవుట్ చాలా వరకు కాలిపోయింది. అయినా ఆయన తీసిన ఫొటోలు, రాసిన వ్యాసాలు చూసి నేర్చుకున్నవారు నేటికీ ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. మరోవైపు జాన్ ఎహర్న్ కట్టిన మాడర్ వ్యాలీ అనే లేఅవుట్, ఆయన 1961లో మరణించిన తరువాత కూడా, ఇంగ్లండులోని పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. పీటర్ డెన్నీ 2009లో కన్నుమూశాక బకింగ్‌హామ్‌ను మరో అభిమాని తన ఇంటికి తెచ్చుకుని నడుపుతూ వచ్చారు. మిగలాలంటే తీసుకునే మనిషి ఉండాలి, లేఅవుట్ తలుపులోంచి బయటికి వచ్చేలా ఉండాలి. మొదటిది మన చేతిలో లేదు. రెండోదాని కోసం, మీ లేఅవుట్ ముక్కలుగా విడిపోయేది కాకపోతే, ఎక్కడ కోయవచ్చో ఇప్పుడే గీతలు గీసి, అక్కడి తీగలకు కనెక్టర్లు పెట్టించండి.

మీరు ఈ నెలలోనే చేయవలసినది ఒక జాబితా రాయడం. ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో వరుస చొప్పున తయారీదారు, నంబరు, డీకోడర్ చిరునామా, బాగా నడుస్తుందా లేదా, అసలు పెట్టె ఎక్కడుంది, అన్నీ రాయండి. మీ పిల్లలకు ఆసక్తి లేదన్నారు. ఆసక్తి లేనివారి చేతికి జాబితా లేని వస్తువులు వస్తే, అరుదైన ఇంజినూ విరిగిన వ్యాగనూ ఒకే అట్టపెట్టెలో పడి ఎవరికో పోతాయి. ఇందులో వారి తప్పేమీ లేదు. ఎవరిని సంప్రదించాలో, నమ్మకమైన మిత్రుడు ఒకరి పేరు ఆ జాబితా పైనే రాయండి, ముందుగా ఆయనను అడిగి. వైరింగు పటం కూడా గీసిపెట్టండి. పటం లేని లేఅవుట్‌ను ఎంత ఇష్టమున్నవారైనా తీసుకోవడానికి జంకుతారు.

బతికి ఉండగా ఇవ్వడం గురించి. నా లేఅవుట్‌లో తొమ్మిది బోర్డులుండేవి. రెండేళ్లుగా ఒక్కొక్కటే ఇస్తున్నాను, ఇప్పుడు ఐదున్నాయి. మొదటి బోర్డు ఇచ్చిన రాత్రి నిద్రపట్టలేదన్నది నిజం. తీసుకున్నది ముప్ఫై ఏళ్ల యువకుడు. నేను చెక్కతో చేసిన వంతెనను ఆయన తన నది మీద పెట్టుకున్నారు. కింది నీళ్ల రంగు నాకు నచ్చలేదని చెబితే ఇద్దరం కలిసి మళ్లీ వేశాం. అన్నీ ఒకేసారి ఇవ్వకండి, ఇప్పుడు చేతికి అందని మూలలో ఉన్న బోర్డుతో మొదలుపెట్టండి. పోయిన నెల గోడ దగ్గరి గూడ్స్ యార్డు బోర్డు వెళ్లిపోయింది. అది ఉన్న చోట కిటికీ వెలుతురు బాగా పడుతుందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఇప్పుడు అక్కడ కుర్చీ వేసుకుని, మిగిలిన ఐదు బోర్డుల మీద బండి నడుపుతున్నాను.